రిపోర్టులో అంకెలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలు దాదాపు అన్నీ ఒకే చోట తిరిగాయి. లెక్క సరిగ్గానే ఉంది, అది కనిపించే తీరు దగ్గరే గొడవ. మేనేజ్‌మెంట్ రిపోర్టులు తయారుచేయడం, వేరేవాళ్లు చేసినవి చదివి తిప్పి పంపడం రెండూ నా ఉద్యోగమే. కాబట్టి కొన్ని జవాబుల్లో నా ఇష్టాయిష్టాలు కూడా కనిపిస్తాయి. ఒప్పుకోనివాళ్లు మొహమాటపడకుండా రాయండి.

ప్రశ్న: మేడమ్, ప్రతి నెలా మా సేల్స్ రిపోర్ట్ నేనే పంపుతాను. అంకెలు లక్షల్లో ఉంటాయి. డెసిమల్స్ వద్దన్నారని ఎక్సెల్‌లో అన్నీ తీసేశాను. ఇప్పుడు మూడు ప్రాంతాలకూ 2, 2, 2 అని కనిపిస్తోంది. కింద టోటల్ మాత్రం 7 అంటోంది. మా డైరెక్టర్ గారు పక్కన కాలిక్యులేటర్ పెట్టుకుని చదివే మనిషి. మీటింగ్ తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక సేల్స్ కోఆర్డినేటర్

జవాబు: మీ లెక్కలో తప్పేమీ లేదు, ముందు ఊపిరి తీసుకోండి. ఒక్కో ప్రాంతం అమ్మకం 2.4 లక్షలు అనుకోండి. మూడూ కలిపితే 7.2. డెసిమల్స్ దాచేస్తే పైన 2, 2, 2, కింద 7 కనిపిస్తాయి. సెల్‌లో ఉన్న విలువ ఒకటి, తెర మీద కనిపించేది ఇంకొకటి. ఫార్మాట్ మార్చినప్పుడు మారేది రెండోదే. ఎక్సెల్ కూడినది అసలు విలువల్ని, డైరెక్టర్ గారు కూడింది కంటికి కనిపించినవాటిని. ఇద్దరూ సరిగ్గానే కూడారు.

ఇలాంటప్పుడు చాలామంది వెంటనే చేసే పని, ప్రతి వరసకూ రౌండ్ ఫంక్షన్ తగిలించడం. అలా చేస్తే టోటల్ 6 వస్తుంది, కాలిక్యులేటర్‌తో టాలీ అవుతుంది, కానీ నిజంగా అమ్మింది 7.2 లక్షలు! చదివేవాళ్లను ఊరుకోబెట్టడానికి లక్షకు పైగా అమ్మకాన్ని రిపోర్ట్‌లోంచి మాయం చేసినట్టే. దీనికంటే ప్రమాదకరమైనది ఎక్సెల్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో దాక్కుని ఉంటుంది: ‘సెట్ ప్రెసిషన్ యాజ్ డిస్‌ప్లేడ్’. దానికి టిక్ పెడితే ఫైల్లో ఉన్న అంకెలన్నీ కనిపిస్తున్నంత వరకే మిగిలి, వెనక ఉన్న దశాంశాలు శాశ్వతంగా పోతాయి. టిక్ తీసేసినా తిరిగి రావు. ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

మీరు చేయాల్సింది చిన్నదే. అంకెలు ఇంత చిన్నగా ఉన్నప్పుడు ఒక డెసిమల్ ఉంచండి. 2.4, 2.4, 2.4, 7.2. ఎవరికీ అనుమానం రాదు. అప్పటికీ చివరి స్థానంలో తేడా వస్తే పట్టిక కింద ‘రౌండింగ్ వల్ల మొత్తం సరిగ్గా కలవకపోవచ్చు’ అని ఒక వాక్యం రాయండి. పెద్ద పెద్ద కంపెనీల వార్షిక నివేదికల్లో కూడా ఈ వాక్యం ఉంటుంది, అందులో నామోషీ ఏమీ లేదు. శాతాల పట్టికల్లోనూ ఇదే కథ. 16.4, 27.4, 56.2 కలిపితే సరిగ్గా 100. డెసిమల్స్ తీసేస్తే 16, 27, 56. కలిపితే 99. ఆ ఒక్క శాతం ఎక్కడికి పోయిందని వెతకడానికి ఒక ఉద్యోగికి పూటంతా పట్టిన ఆఫీసులు నాకు తెలుసు.

రౌండ్ ఫంక్షన్ అసలు వాడకూడదా అంటే, వాడాల్సిన చోట తప్పకుండా వాడాలి. బిల్లులో ఒక్కో వరసకు పన్ను లెక్కగడితే మూడు, నాలుగు డెసిమల్స్ వస్తాయి. కానీ డబ్బు చెల్లించేది రెండు డెసిమల్స్ వరకే. అక్కడ విలువనే రౌండ్ చేయాలి, కనిపించే తీరును కాదు. నిజంగా చేతులు మారే మొత్తం అయితే రౌండ్, చదువుకోవడానికి మాత్రమే అయితే ఫార్మాట్. నేను పాటించే తేడా ఇది.

కనిపించే అంకెను నమ్మి ఎంతదూరం పోవచ్చో జర్మనీ వాళ్లకు బాగా తెలుసు. 1992 ఏప్రిల్‌లో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రంలో ఎన్నికలు జరిగాయి. అక్కడ 5 శాతం ఓట్లు రాని పార్టీకి మామూలుగా సీట్లు ఇవ్వరు. గ్రీన్స్ పార్టీకి 5.0 శాతం వచ్చినట్టు ఫలితాల కాగితం మీద ఉంది. అర్ధరాత్రి దాటాక చూస్తే అసలు విలువ 4.97. ప్రింట్ చేసిన ప్రోగ్రామ్ ఒక డెసిమల్‌కు రౌండ్ చేసి చూపించింది, అంతే. సీట్లు మళ్లీ పంచితే ఎస్.పి.డి. అనే ఇంకో పార్టీకి సొంతంగా మెజారిటీ దక్కింది. మీ రిపోర్ట్‌లో కూడా ఇలాంటి గీతలు ఉంటాయి: టార్గెట్ 95 శాతం, బోనస్ 100 శాతం దాటితే. 94.96ను 95.0గా చూపిస్తూ పక్కనే ‘టార్గెట్ అందలేదు’ అని ఎర్రగా రాస్తే గొడవ ఖాయం. అలాంటి గీతకు దగ్గరగా ఉన్న అంకెకు ఇంకో డెసిమల్ ఇవ్వండి.

ప్రశ్న: మా హెడ్ ఆఫీస్ విదేశంలో ఉంది. వాళ్లకు మిలియన్లు కావాలి, ఇక్కడివాళ్లకు లక్షలు, కోట్లు కావాలి. ఒకే రిపోర్ట్‌లో రెండూ పెడుతున్నాను. కామాలు కూడా ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కోలా కనిపిస్తున్నాయని ఫిర్యాదు. ఏది సరైన పద్ధతి?
– ఒక ఎం.ఐ.ఎస్. ఎగ్జిక్యూటివ్

జవాబు: ఒకే పట్టికలో రెండు కొలమానాలు పెట్టకండి. నా మాట మీద ఒక్క మార్పే చేస్తానంటే ఇదే చేయండి. ఒక వరసలో 12.3 కోట్లు, దాని కింద 123.5 మిలియన్లు కనిపిస్తే చదివేవాడు రెండోది పది రెట్లు పెద్దదనుకుంటాడు. నిజానికి రెండూ ఒకటే. డేటా ఒకటే ఉంచి, రెండు షీట్లు తీయండి. కొలమానం ఏమిటో పట్టిక హెడ్డింగ్‌లో ఒక్కసారి రాయండి. ప్రతి సెల్‌లోనూ ‘కోట్లు, కోట్లు’ అని రాస్తే అంకెలు మాటల మధ్య మునిగిపోతాయి.

మిలియన్లు చూపించడం ఎక్సెల్‌లో తేలిక. ఫార్మాట్ కోడ్ (అంకె ఎలా కనిపించాలో ఎక్సెల్‌కు చెప్పే గుర్తుల వరస) చివర పెట్టే ఒక్కో కామా, కనిపించే అంకెను వెయ్యితో భాగిస్తుంది. #,##0.0,, అని రాస్తే 12,34,56,789 కాస్తా 123.5గా కనిపిస్తుంది. సెల్‌లో విలువ చెక్కుచెదరదు. చిక్కంతా మన లక్షలతో వస్తుంది. కామా వెయ్యి మెట్టులోనే దిగుతుంది కాబట్టి, లక్షకు గానీ కోటికి గానీ ఈ దారి లేదు. నేనైతే పక్క షీట్‌లో విలువను కోటితో భాగించి చూపిస్తాను. భాగహారం సూత్రంలోనే ఉంటుంది కాబట్టి ఎవరు తనిఖీ చేసినా తెలుస్తుంది. లక్షలు చూపించడానికి కోడ్‌లో లైన్లు విరగ్గొట్టి, పర్సంట్ గుర్తును కింది వరసలో దాచే చిట్కాలు కొందరు నేర్పుతుంటారు. తెలివిగానే ఉంటాయి, కానీ ఆ మనిషి ఉద్యోగం మారాక ఫైల్ ఎవరికీ అర్థం కాదు.

ఇక కామాలు. #,##0 అనే మామూలు ఫార్మాట్ ఇస్తే, అంకెల గుంపులు ఎలా విడగొట్టాలో ఎక్సెల్ ఆ కంప్యూటర్ రీజియన్ సెట్టింగ్‌ను అడుగుతుంది. అందుకే మీ దగ్గర 12,34,567 అని కనిపించింది వాళ్ల దగ్గర 1,234,567 అవుతుంది. ఇది లోపం కాదు, వాళ్లకు అలవాటైన తీరులోనే చూపిస్తోంది. ఎక్కడ తెరిచినా లక్షల తీరే కావాలంటే ఈ కోడ్ ఉంది:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

ఇది నెట్‌లో చేతులు మారుతూ ఉంటుంది, కానీ దీని లోటు ఎవరూ చెప్పరు. ఎక్సెల్ కోడ్‌లో రెండు షరతులే పెట్టగలం. మిగిలినవన్నీ మూడో భాగంలోకి పోతాయి. నష్టాలు, అంటే మైనస్ అంకెలు, ఎంత పెద్దవైనా అక్కడికే పోయి, విదేశీ సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో పాత పద్ధతిలోనే -1,234,567 అని కనిపిస్తాయి. లాభాలు లక్షల్లో, నష్టాలు మిలియన్ కామాల్లో! లాభనష్టాల పట్టికకు ఈ కోడ్ వాడకండి.

విదేశాలకు పంపేటప్పుడు ఇంకో రెండు విషయాలు. జర్మనీలో చుక్క, కామా పాత్రలు మారిపోతాయి. వాళ్లు 1.234 అని రాస్తే వెయ్యిన్నీ రెండువందల ముప్పైనాలుగు. మనం అదే చదివి ఒకటింపావు లోపే అనుకుంటాం. ఏ గుర్తు సరైనదన్న తగువు అంతర్జాతీయ తూనికలు, కొలతల సమావేశం దాకా వెళ్లింది. దశాంశానికి చుక్క అయినా కామా అయినా పర్వాలేదని, గుంపుల మధ్య మాత్రం ఆ రెండూ కాకుండా ఖాళీ వదలాలని 2003లో మళ్లీ చెప్పారు. సైన్స్ పత్రికలు ఖాళీ వదులుతాయి. అకౌంట్స్ వాళ్లు మాత్రం కామా వదలరు.

రెండోది, ‘ఎమ్’ అనే పొట్టి అక్షరం. మిలియన్ అని కొందరి ఉద్దేశం. రోమన్ అంకెల్లో అది వెయ్యి. అందుకే పాత తరం ఫైనాన్స్ వాళ్లు మిలియన్‌కు ‘ఎమ్ఎమ్’ అని రెండుసార్లు రాస్తారు, వేల వేలు అని. బిలియన్ కూడా అంతే. ఇంగ్లీషులో ఇప్పుడు అది వంద కోట్లు. బ్రిటన్ ప్రభుత్వం కూడా 1974లో ఆ లెక్కకే వచ్చింది. కానీ జర్మన్‌లో అదే మాటకు లక్ష కోట్లని అర్థం, వంద కోట్లను వాళ్లు ‘మిలియార్డే’ అంటారు. హెడ్డింగ్‌లో పూర్తి మాట రాయండి, సందేహం ఉంటే సున్నాలతో సహా రాయండి. చోటు లేదనే సాకు హెడ్డింగ్ విషయంలో నేను ఒప్పుకోను.

ప్రశ్న: అంకె పక్కన ‘కోట్లు’ అని రావాలని టెక్స్ట్ ఫంక్షన్‌తో చేశాను. చూడ్డానికి బాగుంది. కానీ ఇప్పుడు గ్రాఫ్ రావడం లేదు. చిన్నవి నుంచి పెద్దవిగా సర్దితే 9 కంటే ముందు 10 వస్తోంది.
– డాష్‌బోర్డ్‌లు చేసే ఒక ఉద్యోగి

జవాబు: మీరు అంకెను మాటగా మార్చేశారు. మాటలను సాఫ్ట్‌వేర్ నిఘంటువు వరసలోనే సర్దుతుంది. మొదటి అక్షరం 1 ఉన్నది, 9 ఉన్నదానికంటే ముందు. మాటలకు గ్రాఫ్ గీయలేదు. వీటన్నిటికంటే చెడ్డది ఇంకోటి ఉంది. సమ్ ఫంక్షన్ తన పరిధిలో మాటలు కనిపిస్తే ఎర్రర్ ఇవ్వదు, నోరెత్తకుండా వదిలేస్తుంది. కాలమ్‌లో సగం అంకెలు, సగం మాటలు ఉంటే టోటల్ వస్తుంది, తప్పు టోటల్.

సెల్‌లో అంకెను అంకెగానే ఉంచి, ఫార్మాట్ కోడ్‌లో కొటేషన్ గుర్తుల మధ్య మాట రాయండి: 0.0" కోట్లు". కనిపించేది మీరు కోరినట్టే 12.3 కోట్లు. వెనక ఉన్నది ఇంకా అంకే, కూడుతుంది, సర్దుకుంటుంది, గ్రాఫ్ గీస్తుంది. మైక్రోసాఫ్ట్ డాష్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్ పవర్ బీఐలో ఫార్మాట్ ఫంక్షన్ వాడినా ఇదే తంటా, దాని ఫలితం కూడా మాటే. అక్కడ మెజర్‌కు (మనం రాసుకునే లెక్కకు) డైనమిక్ ఫార్మాట్ స్ట్రింగ్ ఇచ్చే వీలు 2023 నుంచి ఉంది. విలువ అంకెగానే ఉంటుంది, దాని పరిమాణాన్ని బట్టి కనిపించే తీరు మారుతుంది.

ఆ సదుపాయాన్ని చూసి మురిసిపోయి మరీ ఎక్కువ వాడకండి. డాష్‌బోర్డ్‌లు తమంతట తాము కొలమానం ఎంచుకుంటే, ఒక కార్డ్‌లో 950 వేలు, పక్క కార్డ్‌లో 1.2 మిలియన్లు కనిపిస్తాయి. హడావిడిగా చూసే మనిషి కంటికి 950 పెద్దది. ఆటో తీసేసి కొలమానం మీరే నిర్ణయించండి.

మాటగా మారిన అంకెను గుర్తుపట్టడానికి ఒక కిటుకు: మీరు అలైన్‌మెంట్ ఏమీ ఇవ్వకపోతే ఎక్సెల్ అంకెలను కుడికి, మాటలను ఎడమకు జరుపుతుంది. ఎడమ గోడకు ఆనుకుని నిలబడిన అంకె కనిపిస్తే అనుమానించండి. అందరూ అన్నిటినీ మధ్యకు అలైన్ చేసేసి ఈ గుర్తును కూడా పోగొట్టుకుంటారు. అంకెల కాలమ్‌ను మధ్యకు సర్దడం మీద నాకు పాత కోపం ఉంది, దాని గురించి కింద రాస్తాను.

ప్రశ్న: కస్టమర్ల ఖాతా నంబర్లు 16 అంకెలవి. ఎక్సెల్‌లో అతికిస్తే చివరి అంకె సున్నా అయిపోతోంది. కొన్నిటికి ముందున్న సున్నాలు పోతున్నాయి. తర్వాత టెక్స్ట్ ఫార్మాట్ పెట్టినా తిరిగి రావడం లేదు.
– ఒక డేటా ఎంట్రీ ఆపరేటర్

జవాబు: తిరిగి రావు. ఎక్సెల్ ఒక అంకెలో 15 స్థానాల వరకే గుర్తుపెట్టుకుంటుంది, పదహారోది సున్నాగా మారుతుంది. అతికించిన క్షణంలోనే నష్టం జరిగిపోయింది. మామూలు ఫార్మాట్‌లో 11 అంకెలు దాటితే మధ్యలో ‘ఈ’ అక్షరంతో సైంటిఫిక్ పద్ధతిలో చూపించడం వేరే సంగతి. అది కనిపించే తీరే, ఫార్మాట్ మారిస్తే సరిపోతుంది. పోయిన పదహారో అంకె మాత్రం మూల ఫైల్ నుంచే తెచ్చుకోవాలి.

ఖాతా నంబరు, ఫోన్ నంబరు, పిన్ కోడ్, వస్తువు కోడ్ ఇవేవీ లెక్కల్లో అంకెలు కావు. వీటిని ఎవరూ కూడరు, సగటు తీయరు. అంకెలతో రాసిన పేర్లు, అంతే. కాబట్టి అతికించే ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చండి. సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడగొట్టిన మామూలు టెక్స్ట్ ఫైల్) అయితే డబుల్ క్లిక్ చేసి తెరవకుండా, డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేస్తూ ఆ కాలమ్ టెక్స్ట్ అని చెప్పండి.

ఎక్సెల్ ఇలా తనకు తోచినట్టు మార్చేయడం వల్ల జన్యుశాస్త్రవేత్తలు ఏకంగా జన్యువుల పేర్లే మార్చుకోవాల్సి వచ్చింది. ‘మార్చ్1’, ‘సెప్ట్2’ అనే జన్యువుల పొట్టి పేర్లను అది మార్చి 1, సెప్టెంబర్ 2 అనుకునేది. 2020లో వాటిని ‘మార్చ్‌ఎఫ్1’, ‘సెప్టిన్2’ చేశారు. 2023లో గానీ మైక్రోసాఫ్ట్ ఆ ఆటోమేటిక్ మార్పులను ఆపుకునే సెట్టింగ్ ఇవ్వలేదు. మీ వస్తువు కోడ్‌లలో 3-12 లాంటివి ఉంటే ముందే జాగ్రత్తపడండి.

సీఎస్‌వీ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ఎక్సెల్ సీఎస్‌వీగా సేవ్ చేసేటప్పుడు కనిపిస్తున్నదాన్నే రాస్తుంది. 12.3 అని చూపిస్తున్న సెల్‌లో 12.3456789 ఉంటే, ఫైల్లోకి వెళ్లేది 12.3 మాత్రమే. వేరే సిస్టమ్‌లోకి ఎక్కించే ఫైల్ అయితే ముందు అలాంటి అంకెల కాలమ్‌ల ఫార్మాట్ జనరల్‌కు మార్చండి, తేదీలను మాత్రం కదపకండి. పైన నేను ఫార్మాట్ మారిస్తే విలువ మారదని అన్న మాటకు ఇది మినహాయింపు.

ప్రశ్న: శాతాలకు ఎన్ని డెసిమల్స్ పెట్టాలి? మా మేనేజర్ నాలుగు కావాలంటారు, ఎక్కువ ఉంటే కచ్చితంగా ఉన్నట్టట.
– ఒక మార్కెటింగ్ అనలిస్ట్

జవాబు: ‘కచ్చితంగా ఉన్నట్టు’ కనిపిస్తుంది, నిజమే. ఇబ్బంది అక్కడే. మీ పేజీకి 46 మంది వచ్చి ఇద్దరు కొన్నారనుకోండి. 4.3478 శాతం. ఇంకొక్కరు కొని ఉంటే అది 6.5 దాటేది. ఒక్క మనిషితో రెండు శాతం పైన మారిపోయే అంకెకు నాలుగో డెసిమల్ దేనికి? అలాంటి చోట ‘46లో 2’ అని రాయండి, నిజాయితీగా ఉంటుంది. వేలమంది ఉంటే ఒక డెసిమల్, లక్షలమంది ఉండి చిన్న తేడా కూడా నిర్ణయాన్ని మారుస్తుందంటే రెండు. మూడోది అవసరమైన మేనేజ్‌మెంట్ రిపోర్ట్ నేను చూడలేదు. ఎన్ని పెట్టినా ఒక కాలమ్ అంతటా ఒకటే ఉండాలి. 4, 4.3, 4.35 అని కలగాపులగంగా ఉంటే చుక్కలు ఒక గీతలో నిలబడవు, ఏది పెద్దదో కంటికి అందదు.

మీరు అడగలేదు గానీ, శాతాల్లో ఇంతకంటే పెద్ద మోసం ఇంకోటి ఉంది. పోయిన నెల 4 శాతం, ఈ నెల 5 శాతం. ‘1 శాతం పెరిగింది’ అని రాస్తారు. పెరిగింది 1 శాతం పాయింట్, లేదా పాత దాని మీద 25 శాతం. మార్కెటింగ్ వాళ్లు 25 అంటారు, ఖర్చుల వాళ్లు 1 అంటారు, ఎవరికి ఏది కలిసొస్తే అది. తేడా కాలమ్ హెడ్డింగ్‌లో ‘శాతం పాయింట్లు’ అని రాస్తే ఈ వాదన రాదు. ఎక్సెల్‌లో ఆ కాలమ్‌కు పర్సంట్ ఫార్మాట్ పెట్టకండి, 100తో గుణించి మామూలు అంకెగా చూపించండి.

ప్రశ్న: ఒకే డేటా. ఎక్సెల్‌లో రౌండ్ చేస్తే ఒక టోటల్, మా ఐటీ వాళ్లు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చేస్తే ఇంకో టోటల్. తేడా చిన్నదే, కానీ ఆడిటర్ వదలడం లేదు. ఎవరిది తప్పు?
– ఒక అకౌంట్స్ అసిస్టెంట్

జవాబు: ఇద్దరిదీ కాదు. 2.5ను ఎక్సెల్ రౌండ్ ఫంక్షన్ 3 చేస్తుంది. పైథాన్ 2 చేస్తుంది. సరిగ్గా సగం దగ్గర ఆగితే ఎక్సెల్ సున్నాకు దూరంగా జరుగుతుంది, పైథాన్ దగ్గర్లోని సరిసంఖ్యకు పోతుంది. ఈ రెండో పద్ధతిని బ్యాంకర్స్ రౌండింగ్ అంటారు. సగాలన్నీ పైకే పోతుంటే మొత్తం కొద్దికొద్దిగా ఉబ్బుతుంది, అది జరగకుండా ఈ ఏర్పాటు. తమాషా ఏమిటంటే ఎక్సెల్ లోపలే ఉన్న మాక్రో భాషలో రౌండ్ అని రాస్తే అది కూడా పైథాన్ దారే పడుతుంది. మీ సంస్థలో ఏ పద్ధతో ఒకటి నిర్ణయించి కాగితం మీద పెట్టండి. ఆడిటర్‌కు కావాల్సింది ఆ కాగితమే.

చివరి స్థానాలను రౌండ్ చేయకుండా కత్తిరించేయడం మాత్రం వద్దు. వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1982 జనవరిలో 1000 దగ్గర ఒక సూచీ మొదలుపెట్టింది. ప్రతి లావాదేవీకీ లెక్కగట్టి, మూడు డెసిమల్స్ తర్వాత ఉన్నది కత్తిరించేసేవారు. ఒక్కసారికి పోయేది దాదాపు ఏమీ కాదు. 1983 నవంబర్ నాటికి సూచీ 520ల్లోకి దిగిపోయింది. సరిచేసి చూస్తే ఉండాల్సింది 1098 పైన.

ప్రశ్న: నష్టాలను బ్రాకెట్లలో చూపాలా, మైనస్ పెట్టాలా, ఎరుపు రంగు వేయాలా?
– ఒక ట్రైనీ

జవాబు: అకౌంట్స్ వాళ్లు చదివేదైతే బ్రాకెట్లు. మిగతావాళ్లకు మైనస్. ఎరుపు అదనంగా ఉండొచ్చు, ఒంటరిగా ఉండకూడదు. బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీస్తే నష్టం లాభమైపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లు కూడా ఉంటాయి, మగవాళ్లలో మరీ ఎక్కువ. పైగా ఖర్చు పెరిగితే ప్లస్ అంకె, కానీ అది చెడ్డ వార్త. దానికి ఆకుపచ్చ వేస్తారా?

బ్రాకెట్లు వాడితే కోడ్ ఇలా రాయండి: #,##0_);(#,##0). మొదటి భాగంలో అండర్‌స్కోర్ తర్వాత ఉన్న బ్రాకెట్ కనిపించదు, దాని వెడల్పంత ఖాళీ మాత్రం వదులుతుంది. అప్పుడు లాభాల ఒకట్ల స్థానం, నష్టాల ఒకట్ల స్థానం ఒకే గీతలో ఉంటాయి.

ప్రశ్న: అమ్మకం లేని చోట సున్నా పెట్టాలా, ఖాళీ వదలాలా, గీత పెట్టాలా?
– ఒక బ్రాంచ్ మేనేజర్

జవాబు: అసలు అమ్మకమే జరగలేదా, లేక లెక్క ఇంకా రాలేదా? ఈ రెండూ ఒకేలా కనిపించకూడదు. అమ్మకం లేకపోతే సెల్‌లో నిజమైన సున్నా ఉంచి, గీతగా చూపించండి. ఫార్మాట్ కోడ్‌లో సెమికోలన్లతో విడిపోయిన భాగాలు నాలుగు దాకా ఉంటాయి: ప్లస్, మైనస్, సున్నా, మాట. మూడో భాగంలో గీత పెడితే చాలు: #,##0;-#,##0;"–". లెక్క రాకపోతే ‘రావాలి’ అని మాటలో రాయండి. ఖాళీ వదిలితే మర్చిపోయారో, లేదో తెలియదు. సగటు కూడా మారిపోతుంది. ఎక్సెల్ సగటు తీసేటప్పుడు సున్నాను లెక్కలోకి తీసుకుంటుంది, ఖాళీని తీసుకోదు. పది బ్రాంచీల్లో రెండు ఖాళీగా ఉంటే ఎనిమిదితోనే భాగిస్తుంది.

కోడ్‌లో ;;; అని మూడు సెమికోలన్లు మాత్రమే పెడితే సెల్‌లో ఏమున్నా కనిపించదు. దాచడానికి బాగుందని కొందరు వాడతారు. సెల్ మీద క్లిక్ చేస్తే పైన ఫార్ములా బార్‌లో మొత్తం కనిపిస్తుంది. జీతాల ఫైల్లో ఇలాంటి దాపరికం చేయకండి.

ప్రశ్న: తేదీ కాలమ్‌లో 45292 అని వస్తోంది. ఏమిటిది?
– ఒక విద్యార్థిని

జవాబు: 2024 జనవరి 1. ఎక్సెల్ తేదీలను రోజుల లెక్కగా దాచుకుంటుంది, 1900 జనవరి 1 ఒకటో రోజు. డేట్ ఫార్మాట్ పెట్టండి, తేదీ కనిపిస్తుంది. ఆ లెక్కలో 1900 ఫిబ్రవరి 29 కూడా ఉంది, క్యాలెండర్‌లో అలాంటి రోజు లేదు. అంతకుముందు వచ్చిన లోటస్ 1-2-3లో ఉన్న పొరపాటును, దాని ఫైళ్లు సరిగ్గా తెరుచుకోవాలని కావాలనే ఉంచారు.

ప్రశ్న: అన్నీ సరిచేశాక కూడా నా పట్టిక చూడ్డానికి గందరగోళంగా ఉంది. అంకెలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. కాలమ్‌ను మధ్యకు అలైన్ చేశాను, ఫాంట్ జార్జియా.
– ఒక స్టార్టప్ ఉద్యోగిని

జవాబు: ఇదిగో, నా పాత కోపం దగ్గరకే వచ్చారు. అంకెలను కుడికి సర్దాలి. ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు ఉంటేనే పొడవు చూసి పెద్దదేదో తెలుస్తుంది. మధ్యకు సర్దితే 98,000 కింద 1,02,000 ఉన్నా తేడా కంటికి తట్టదు. హెడ్డింగ్ కూడా కుడికే జరపండి.

జార్జియా చదవడానికి అందమైన ఫాంటే, కానీ దాని అంకెలు పాత అచ్చు తీరువి. 3, 4, 5, 7, 9 గీత కిందికి దిగుతాయి, 6, 8 పైకి లేస్తాయి. వాక్యాల మధ్య బాగుంటాయి, పట్టికలో గెంతుతున్నట్టు ఉంటాయి. కాన్‌స్టాంటియా, కాండారా, కార్బెల్ కూడా ఈ బాపతే. ఆరియల్, కాలిబ్రి లాంటి ఫాంట్‌లో అంకెలన్నీ ఒకే ఎత్తు, ఒకే వెడల్పు, 1 కూడా 8 అంత చోటు తీసుకుంటుంది. మార్చి చూడండి. కాలమ్‌ల మధ్య నిలువు గీతలు కూడా తీసేయండి. టోటల్ పైన ఒక్క అడ్డగీత ఉంచితే చాలు.

ప్రశ్న: సెల్ నిండా ##### అని వస్తోంది. ఫైల్ పాడైపోయిందా?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: లేదు, కాలమ్ వెడల్పు చాలడం లేదు. హెడ్డింగ్ అంచు మీద డబుల్ క్లిక్ చేయండి. వెడల్పు పెంచినా పోకపోతే అది డేట్ ఫార్మాట్‌లో ఉన్న మైనస్ విలువ, అప్పుడు సూత్రం చూసుకోవాలి. చోటు చాలకపోతే ఎక్సెల్ మాటను కత్తిరించి చూపిస్తుంది గానీ, తేదీని, కామాలూ డెసిమల్స్ ఫార్మాట్ ఇచ్చిన అంకెను సగం కత్తిరించి చూపించదు. 12,34,567ను 12,34గా చూపించడం కంటే ##### నయం. తెర మీద బాగున్నది ప్రింట్‌లో ఇలా మారే అవకాశం కూడా ఉంది కాబట్టి, డైరెక్టర్ గారికి పంపేముందు ప్రింట్ ప్రివ్యూ ఒకసారి చూసుకోండి.